గంట సేపు కదలొద్దు

"నాతోని కాదు మేడమ్. మొగోళ్ళు చేసే పనేనా ఇది?" హరీష్ కుర్చీలోంచి లేవబోయాడు.

"కూసో నాయనా. అంగి విప్పు. ఒంటికి ఒళ్ళు తాకితెనే పాపకు వెచ్చదనం. తల్లైనా తండ్రైనా ఒకటే," అంది నర్సు నాగమణి. "నీ భార్యనే అడిగింది, ఇయ్యాల నీకియ్యమని. పదిరోజుల సంది ఒక్కతే మోస్తున్నది."

పక్కన మంచం మీద కూర్చున్న దేవిక తల ఎత్తలేదు.

సూర్యాపేట దవాఖానలో నెలలు నిండని పిల్లల వార్డు అది. చలిగాలి తగలకుండా కిటికీలన్నీ మూసే ఉంచుతారు. పాప ఏడున్నర నెలలకే పుట్టింది. బరువు కిలో ఆరువందలు. నాగమణి పాపను అతని ఛాతీ మీద కప్పలా పడుకోబెట్టి, పొడవాటి గుడ్డ రెండు చుట్లు తిప్పి, వీపు మీద ముడి వేసింది.

"ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిర్రల కింద. చెయ్యి తీసినవనుకో, మెడ వాలి ఊపిరాడదు. గంట సేపు కదలొద్దు."

హరీష్ వరికోత మిషన్ నడుపుతాడు. అంత పెద్ద యంత్రాన్ని బురద మళ్ళలో తిప్పేవాడు, ఈ చిన్న బరువు కింద మెడ కూడా తిప్పలేకపోయాడు. ముక్కు దురద పెట్టింది. గోక్కోలేడు. ప్యాంటు జేబులో ఫోను మోగింది.

"తియ్యి. ఓనరు జేస్తున్నడు. గరిడేపల్లి కాడ మిషన్ ఆగిపోయింది."

దేవిక ఫోను తీసింది. పేరు చూసి, ఆపేసి, మంచం మీద బోర్లా పెట్టింది.

"ఎవర్నడిగి ఆపినవే?"

పాప ఉలిక్కిపడింది. "ష్! గట్టిగ మాట్లాడకు," అంది నాగమణి. ఇక గొంతు కూడా కట్టేసినట్టే అయింది.

అతనికి చెమట పట్టింది. దేవిక చెయ్యి ముఖం మీదికి రాగానే టక్కున కళ్ళు మూసుకున్నాడు. ఆమె కొంగుతో నుదురు తుడిచింది, అంతే. కళ్ళెందుకు మూసుకున్నాడో అతనికే అర్థం కాలేదు.

నాగమణి స్టూలు లాక్కుని కాగితం తీసింది. "బిడ్డ ముందే ఎందుకు పుట్టిందో రాయాలె. రెండుసార్లు అడిగిన, ఏం లేదు ఏం లేదు అంటది. దేవికా, రక్తం గోలీలు మింగినవా?"

"రోజూ మింగింది," అన్నాడు హరీష్.

"ఎవరు, నువ్వు మింగినవా గోలీలు? ఆమెను చెప్పనీ."

దేవిక పెదవి చివర నవ్వు కదిలి ఆగిపోయింది. "మింగిన మేడమ్. బీపీ గూడ లేకుండె."

"పొగాకు గిట్ల?"

"నాకు లేదు. ఈయన ఇంట్లనే సిగరెట్లు తాగుతడు."

హరీష్ ఆమె వైపు చూశాడు. ఆ చూపు పడితే ఆమె ఎప్పుడూ మాట మింగేసేది. ఈసారి ఆమె అతని కళ్ళను చూడటం లేదు. గుడ్డ అంచున కనిపిస్తున్న అతని వేళ్ళను చూస్తోంది.

"బరువు పనులు చేసినవా?"

"ఐదో నెల దాంక నాట్లకు వోయిన."

"కడుపుకు దెబ్బేమన్న తగిలిందా?"

"బాత్‌రూంల జారింది," హరీష్ వెంటనే అందుకున్నాడు. "మా అమ్మ గూడ సూసింది."

నాగమణి పెన్ను కాగితానికి ఆనింది.

"ఆగుండ్రి."

దేవిక లేచి అతని వెనక్కి వెళ్ళింది. వీపు మీద ముడిని ఒకసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది. తిరిగి వచ్చి, అతనికి సరిగ్గా ఎదురుగా కూర్చుంది.

"జారలే మేడమ్. ఇప్పుడు చెప్త, రాసుకోండ్రి. ఇంకో అర్ధగంట దాంక ఆ చేతులు పాప కిందికెళ్ళి బయటికి రావు. అందుకే ఇయ్యాల ఈయనకు కట్టమన్న."