సుద్దగీతల్లో పాదాలు

"కదలకు!" అంది వదిన.

స్టూలు మీద కూర్చున్న ఆమెకు ముక్కు దురదపెట్టి ప్రాణం పోతోంది. అయినా కదల్లేదు.

"ఇన్నాళ్ళూ ఆన్‌లైన్ బొమ్మల క్లాసుకి కెమెరా ముందు కూర్చున్నదానివేగా, మళ్ళీ ఈ ప్రాక్టీసెందుకే?"

"అది వేరు వదినా. కెమెరాలో మోకాళ్ళ నుంచి పైకే కనిపించేదాన్ని. ఇవాళ మొదటిసారి ఎదురుగా కూర్చుని బొమ్మ గీస్తారు."

"మధ్యలో తిమ్మిరెక్కితే?"

"బ్రేక్ ఇస్తారు. లేచే ముందు పాదాల చుట్టూ సుద్దతో గీస్తారు. తిరిగొచ్చి ఆ గీతల్లో పాదాలు పెట్టామంటే మళ్ళీ అదే భంగిమ."

లేవబోయి తూలింది. కాళ్ళు మొద్దుబారిపోయాయి.

"ఇప్పుడేగా కూర్చున్నావు! అక్కడేం కూర్చుంటావు, నా బొంద!" వదిన నవ్వింది.

చిన్నప్పుడు తలుపు సందులో నలిగి ఆమె ఎడమ పాదానికి చిటికెనవేలు పోయింది. పరాయివాళ్ళెవరికీ ఆ పాదం చూపించలేదు. ఇవాళ ఆమె దిగులంతా దాని గురించే.

"ఒంటికి లేని సిగ్గు వేలికొచ్చిందా!" అంది వదిన.

ఆమె నవ్వలేదు. ఉయ్యాల మీదకి వంగి పాప బుగ్గ తాకింది. "ఇది లేచేలోపు వచ్చేస్తాను. నేను కనబడకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది."

"లేస్తే కదా! ఎప్పుడు చూసినా అదే నిద్ర. నువ్వు వెళ్ళిరా."

క్లాసు హాల్లో మేష్టారితో సహా అందరూ బొమ్మల స్టాండ్ల వెనక కూర్చునే ఉన్నారు. వాళ్ళ వేళ్ళన్నీ అప్పటికే బొమ్మలు గీసే బొగ్గుతో నల్లగా ఉన్నాయి. ఎవరూ పలకరించలేదు. తను ఆలస్యంగా వచ్చిందేమోనని సిగ్గుపడుతూ, పైబట్ట తీసి వేదిక ఎక్కింది. కుర్చీ వెచ్చగా ఉంది.

కిందకి చూస్తే సుద్దగీతలు. ఇంతకుముందు ఎవరో కూర్చున్నారన్నమాట. వాటిలో పాదాలు పెట్టింది.

అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఎడమ పాదం గీతలో నాలుగే వేళ్ళున్నాయి.

ఆమె చటుక్కున పాదాలు వెనక్కి లాక్కుంది.

"మేష్టారూ, నేను ఇవాళే మొదటిసారి వచ్చాను. ఇవెవరి పాదాలండీ? నేను వెళ్ళిపోతాను, ఇంట్లో పాప లేస్తుంది."

మేష్టారు బొగ్గుముక్క చేతిలోకి తీసుకుని విసుగ్గా నిట్టూర్చారు.

"ప్రతి బ్రేక్ తర్వాతా ఇదే మాట అంటారేంటమ్మా?"