వెనక కుర్చీ ప్రశ్నలు

“ఇరవైకి ఐదు కలపమంటే రెండు వందల ఐదు అంటోందేంటమ్మాయ్ ఇది?”

వెనక కుర్చీలోంచి మళ్ళీ అదే గొంతు. క్లాసంతా గొల్లున నవ్వింది.

సరిగ్గా దాని ముందు కుర్చీలో ఉన్న పెద్దమేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

గోడౌన్ లెక్కలు ఇకమీదట కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి తియ్యాలని వాళ్ళ ఆఫీసు ఆర్డరు. అందుకే ఈ సెంటర్లో వారం రోజుల క్లాసు, చివర్లో పరీక్ష. పాసైతే స్టాకు సెక్షన్‌లో హెడ్ సీటు ఆవిడకే ఉంటుంది. తప్పితే పక్కన కూర్చున్న జూనియర్‌కి పోతుంది. ఆ పిల్లకి పని నేర్పింది ఈవిడే. ఇప్పుడు ఆ పిల్ల కీబోర్డు టకటకలాడిస్తుంటే ఈవిడ గుండె దడదడలాడుతోంది.

మధ్యలో ఈ పెద్దాయనొకడు! ఏ ఆఫీసు తరఫున వచ్చాడో, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలీదు.

“మంచి ప్రశ్న” అంది పాఠం చెప్పే అమ్మాయి, నవ్వకుండా. “మనం టైపు చేసి ఇచ్చిందాన్ని అది అక్షరాల కింద తీసుకుంటుందండీ. అందుకే ఇరవై పక్కన ఐదు అతికించి ఊరుకుంది. కలిపే ముందు దాన్ని అంకెగా మార్చాలి.”

పెద్దమేడమ్ గబగబా తన స్క్రీన్ మీద ఆ లైను సరిచేసుకుంది. ఇరవై ఐదు వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

“చూశావా అక్కా, తాతగారి తెలివి!” జూనియర్ కిసుక్కుమంది.

“తెలివా నా మొహమా! ఇంతమాత్రం తెలియనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చుగా.”

తనకీ తెలీదన్న సంగతి గొంతులోనే మింగేసింది.

మర్నాడు ఇంకో గోల.

“అమ్మాయ్, బోర్డు మీదున్నది ఉన్నట్టు దింపానే! అయినా ఎర్రగా అరుస్తోంది!”

“షరతు పెట్టిన లైను కింద వచ్చేవి కాస్త లోపలికి జరగాలండీ. లేకపోతే ఏది దేని కిందదో దానికి అర్థం కాదు.”

పెద్దమేడమ్ తన లైను లోపలికి జరిపింది. ఎరుపు పోయింది.

“జాబితాలో ఒకటో పెట్టె అడిగితే రెండోదాన్ని చూపిస్తోందేం?”

“దాని లెక్క సున్నా నుంచి మొదలవుతుందండీ.”

క్లాసు మళ్ళీ నవ్వింది. పెద్దమేడమ్ కూడా నవ్వుతూనే ఒకటి కొట్టేసి సున్నా పెట్టింది.

పాఠం నత్తనడక నడుస్తోంది. పరీక్ష ముంచుకొస్తోంది. ఆవిడ ఓపిక నశించి, మధ్యాహ్నం నేరుగా సెంటర్ మేనేజర్ గదిలోకి వెళ్ళింది. అతను కొత్తగా చేరినవాడు.

“మా ఆఫీసు మమ్మల్ని పంపింది ఆ వెనక కుర్చీ పెద్దాయన ఓనమాలు దిద్దుకుంటుంటే చూడ్డానికి కాదండీ. ఆయనుంటే నా వల్ల కాదు.”

“నేను మాట్లాడతాను మేడమ్” అన్నాడు మేనేజర్.

సాయంత్రం పెద్దాయన గొడుగు తీసుకుని లేచాడు. ఆవిడ కుర్చీ పక్కన ఆగాడు.

“అర్థం కానిది అడగడానికి మొహమాటపడకమ్మా.”

“నాకా? నాకేం సందేహాలున్నాయండీ!”

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెనక కుర్చీ ఖాళీ.

“అబ్బ, పీడ విరగడైంది” అంది పెద్దమేడమ్ పైకే.

ఆ రోజు పాఠం ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం గురించి. పెట్టెలన్నీ లెక్కపెట్టి ఆగమంటే ఆవిడ ప్రోగ్రాము ఆగలేదు. అంకెలు స్క్రీన్ నిండా పరుగెడుతూనే ఉన్నాయి.

“సందేహాలేమైనా ఉన్నాయా?” అమ్మాయి అడిగింది.

పెద్దమేడమ్ చెవులు రిక్కించి కూర్చుంది. ఎవరో ఒకరు అడక్కపోతారా?

ఎవరూ అడగలేదు.

“నీకొచ్చిందా అక్కా?” జూనియర్ ఇటు తిరగబోయింది.

“ఎప్పుడో వచ్చింది. నీ పని నువ్వు చూసుకో.” ఆవిడ స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది.

పరీక్షలో ఇచ్చింది సరిగ్గా అదే లెక్క. అంకెలు మళ్ళీ పరుగెత్తాయి. సమయం అయిపోయినా ఆగలేదు. హెడ్ సీటు ఇక జూనియర్‌దే.

అందరూ వెళ్ళాక పెద్దమేడమ్ అమ్మాయి మీద విరుచుకుపడింది.

“చివర చివర మీ పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు! మొదట్లో బాగానే చెప్పారుగా? అప్పుడు... ఆ ఏమీ రాని పెద్దాయన ఉన్నా కూడా...”

“ఆయనకి రాకపోవడమేంటండీ?” అంది అమ్మాయి. “నాకు నేర్పిన మాస్టారు ఆయన. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. క్లాసుకి ఇబ్బందిగా ఉందని మేనేజర్ అన్నాక, ఇంక ఏ బ్యాచ్‌కీ రానన్నారు.”

“మాస్టారా? మరి ఆ పిచ్చి ప్రశ్నలన్నీ?”

అమ్మాయి వెనక కుర్చీ చూపించింది.

పెద్దమేడమ్ వెళ్ళి అందులో కూర్చుంది.

అక్కణ్ణుంచి బోర్డు సగమే కనిపిస్తోంది గానీ, అంకెలు ఇంకా పరుగెడుతున్న తన స్క్రీన్ మాత్రం మొదటి లైను నుంచి చివరి లైను దాకా స్పష్టంగా కనిపిస్తోంది.