తులసి మూలుగు

భర్త నరహరి పూజ ముగించగానే తులసి ఎందుకు మూలుగుతుందన్న అనుమానం కనకవల్లికి ఏడేళ్ళుగా ఉంది. మార్కాపురంలో ఇప్పుడు ప్రతి ఇంటి మొక్కకూ ఒక వినికిడి బిళ్ళ తగిలించి ఉంటుంది. దాహంతో మొక్క మూలిగితే ఆ ఇంటి కుళాయి పావుగంట వస్తుంది. మొక్క చస్తే కుళాయి కట్టేస్తారు.

"మీ ఆయన స్తోత్రానికి తులసమ్మ కరిగిపోతోందే వల్లీ!" అనేవారు ఇరుగుపొరుగు. తులసమ్మ మాత్రం నానాటికీ ఎండిపోతోంది.

చివరికి కనకవల్లి సాంబమూర్తి మాస్టారిని పిలుచుకొచ్చింది. మొక్కల బాధలు తెలుసుకోవడానికే ముప్పయ్యేళ్ళు ధారపోసి ఆ బిళ్ళను కనిపెట్టిన మనిషి ఆయన. కొమ్మ వంచి చూసి, "కాడ నిండా సూదిపోట్లేనమ్మా" అన్నారు.

కనకవల్లి భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ద్వాదశి నాడు కూడానా?"

"ద్వాదశి నాడు కోయకూడదన్నారు గానీ, గుచ్చకూడదని ఎక్కడుందే?" అని గొణిగాడు నరహరి. "కుళాయి రావద్దూ?"

"దాహం వింటుందని చేశాను బాబూ. అది నొప్పికీ పలుకుతోందని నాకూ ఎప్పటినుంచో అనుమానమే" అన్నారు మాస్టారు.

"పోనీ, వచ్చిన నీళ్ళైనా దానికి పోశారా?" అని భర్తను నిలదీసింది కనకవల్లి.

"రోజూ ఉద్ధరిణెడు పోస్తున్నానుగా!"

ఆ మాట నరహరి చెవికే ఎబ్బెట్టుగా తోచింది. వంటింట్లోకి వెళ్ళి తాగే నీళ్ళ బిందె ఎత్తుకొచ్చి, మొక్క మొదట్లో మెల్లగా ఒంపాడు. ఏడేళ్ళుగా బాకీ పడ్డ నీళ్ళు తులసికి ముట్టాయి. ఆ పూట మాస్టారికి కూడా కాఫీ లేదు.