వలిచి చూసిన కాయ

ముదిగుబ్బ అంగట్లో విత్తనానికి వేరుశనగ కాయలు కొనేటప్పుడు నల్లమ్మ ప్రతి మూటలోంచీ ఒక కాయ తీసి, వలిచి, కొరికి చూస్తుంది. ఎవరి మాటా నమ్మదు.

ఆ నల్లమ్మ ఈ రోజు అదే వీధిలో ఉండే హేమావతి ఇంటికొచ్చింది.

“ఇంటికాడనే కూచోని కంప్యూటర్లో టైపు కొడితే జీతమిస్తారంట గదా. మా పాపను చేర్పించాలంటే ముందు డిపాజిట్టు కట్టాలంట. విత్తనానికి పెట్టుకున్న దుడ్లే ఉండాయి. నిజం చెప్పు, నీకు జీతమొచ్చిందా?”

చేటలో బియ్యం ఏరుతున్న హేమావతి తలెత్తలేదు. “వచ్చిందత్తా.”

“అయితే ఇంగేమి! నిన్నడిగితే కాయ వలిచి చూసినట్లే.” నల్లమ్మ కొంగు ముడి విప్పింది.

మూడు నెలలు టైపు చేసినా హేమావతి చేతికి రూపాయి రాలేదు. నిన్న కంపెనీ నుంచి మెయిలు మాత్రం వచ్చింది, ఇంకొకరిని చేర్పిస్తే మీ డిపాజిట్టు వాపసు ఇస్తామని.