ఇరవై మూడో నంబరు కోడి

మునీరాకు ఇరవై మూడో నంబరు కోడి కావాలి. ప్రాణంతో కావాలి. అందుకోసమే తిరుపతి నుంచి మూడు బస్సులు మారి ఉదయగిరిలో దిగింది.

గడప దాటుతూనే అడిగింది.

"నాయనా, ఆ కోడి ఎవరిది?"

మహబూబ్ సుభాని జావ తాగుతున్నాడు. యాభై దాటాయి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ చుట్టుపక్కల ఆయన సూది పడని గొర్రె లేదు, ఆయన అబద్ధం వినని మనిషి లేడు. భార్య పోయినాక ఇంట్లో ఆయన ఒక్కడే.

"సంచి దించవే ముందు. వచ్చీ రాంగానే కోడి అంట. బిర్యానీకా?"

"రీసెర్చికి."

ఆ రీసెర్చి సంగతి ఊరందరికీ తెలుసు. సుభాని చెప్పకుండా వదిలితే గదా! కొన్ని కోళ్ళకు వైరసు సోకి ఒంట్లో గడ్డలు లేస్తాయి. వైరసు దూరిన కణం అదుపు తప్పుతుంది. దాని లోపల ఎంజైములు పూనకం వచ్చినట్టు పనిచేస్తాయి. ఆ ఎంజైము కొంత రక్తంలోకీ కారుతుంది. ఎంత కారిందో కొలిచి మునీరా డాక్టరు కావాలి.

పల్లెల్లో గడ్డలున్న కోళ్ళనూ, లేని కోళ్ళనూ వెతికి రక్తం తీసేది సుభానీయే. రక్తం పేరుకున్నాక పైన తేరిన నీటిని గాజు గొట్టంలో పోసి, నంబరు వేసి, ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి, తిరుపతికి చేర్చమని ఆత్మకూరు బస్సెక్కించేవాడు. కోడి వివరాలు ఆసుపత్రిలోని రిజిస్టరులో ఉండేవి. సెలవులకు వచ్చినప్పుడు మునీరా వాటిని తన నోట్సులోకి ఎక్కించుకునేది.

మంచి కోడికి మిషను రెండొందలు చూపేది. గడ్డ కోడికి ఐదొందలు. ఇరవై మూడుకి పదమూడొందలు చూపింది. మునీరా మూడుసార్లు కొలిచింది. ముల్లు దిగి రాలేదు.

"దాని గడ్డ కావాలి. ఆ కణాలను బతికుండగా పెంచి చూస్తేనే నీ థీసిస్ నిలుస్తుంది" అన్నాడు ప్రొఫెసరు. అప్పటికే నాలుగేళ్ళయింది. డిసెంబరుతో గడువు ఆఖరు. ఇది అక్టోబరు.

"అది దుత్తలూరు వరదమ్మ కోడి" అన్నాడు సుభాని. "నక్క ఎత్తకపోయిందంట."

"నక్కా?"

"నక్కే. మనిషైతే కేసు పెట్టుందును."

జావ గిన్నె పక్కన పెట్టాడు. సగం అలాగే ఉంది. పన్ను సలుపుతోందన్నాడు. మునీరా పదమూడొందల సంగతి చెప్పింది.

"అంత ఎక్కువ చూపించినాదామ్మా?"

"ఇంతవరకు ఏ కోడికీ చూళ్ళేదు నాయనా అంత."

"అట్టాంటిది ఎన్నాళ్ళుంటాది?"

"రెణ్ణెల్లు. మూడో నెల కష్టం."

"గడ్డ కోసేస్తే?"

"ఆ అంకె వచ్చినాక కొయ్యడమూ దండగే. అయినా కోడికి ఆపరేషన్ చేసేదెవరు?"

సుభాని నవ్వాడు. "అదీ నిజమే. మరి నీ పట్టా ఎప్పుడిస్తారు?"

"ఆ కోడి దొరికితే వచ్చే మార్చికి."

"మార్చా! మీ వాళ్ళు ఏదీ బిరీన చెయ్యరే" అని తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున్నే మునీరా దుత్తలూరు బస్సెక్కింది. నక్క వదిలేసిన ఎముకైనా దొరక్కపోతుందా అని.

వరదమ్మ పకపకా నవ్వింది. "నక్కా? నా కోళ్ళు పదుండాయి, పదీ ఉండాయి. మీ నాయన నెత్తురు తీసింది పంతొమ్మిదో నంబరుకు. అదిగో, నీ కాళ్ళ కాడే గింజలేరుకుంటా ఉండాది."

కోడి కాలికి రేకు కడియం. దానిమీద పంతొమ్మిది.

తిరుగు బస్సులో మునీరాకు ఒకటే ఆలోచన. ఇరవై మూడు అసలు ఉందా? కూతురి పని తొందరగా తెమలాలని నాయన లేని కోడికి నంబరు వేశాడా? గొట్టంలో ఏం పోశాడు? ఒకటి అబద్ధమైతే మిగతా ఇరవై రెండిటిని నమ్మేదెట్లా? ప్రొఫెసరుకు ఏం చెప్పాలి? నాలుగేళ్ళూ బూడిదలో పోసినట్టే.

దిగి నేరుగా ఆసుపత్రికి పోయింది. సుభాని లేడు. గొర్రెలకు టీకాలు వెయ్యడానికి పల్లెలకు పోయాడు. అటెండరు వెంగయ్య ఒక్కడే ఉన్నాడు.

"వెంగయ్య మామా, నిజం చెప్పు. మా నాయన దొంగ నంబర్లు వేస్తన్నాడా?"

వెంగయ్య మొహం గంటు పెట్టుకున్నాడు.

"తప్పుమాట పాపా. మీ నాయన నోటితో వంద అబద్ధాలాడతాడు. నాతోనే రోజుకి పది. రాతలో మాత్రం ఒక్కటీ ఆడడు. చచ్చిన గొర్రెలకు టీకాలేసినట్టు రాయమని పోయినేడు ప్రెసిడెంటు వచ్చి ఈ బల్లమీదే కూర్చున్నాడు. రాసినాడా? కావాలంటే నన్ను ట్రాన్స్‌ఫరు చేయించుకో అన్నాడు గానీ."

"అయితే ఆ రిజిస్టరు తియ్యి."

వెంగయ్య బీరువా తెరిచి, అట్టమీది దుమ్ము చొక్కాతో తుడిచి చేతికిచ్చాడు.

మునీరా నిలబడే పేజీలు తిప్పింది. నాయన గుండ్రటి అక్షరాలు. నాలుగు గడులు. నంబరు, ఎవరిది, వయసు, గడ్డ ఎక్కడ.

ఇరవై ఒకటి, కామయ్యది, ఏడాది, రెక్క కింద.

ఇరవై రెండు, దేవకమ్మది, పది నెలలు, గడ్డ లేదు.

ఇరవై మూడు, మునీరాది, యాభై మూడేళ్ళు, గొంతులో.