నాలుగో డబ్బా

"ఓ అన్నా, ఎవలు నువ్వు? ఇంట్లకు గట్ల జొరవడ్తున్నవేంది?"

వచ్చినవాడు పలకలేదు. చెప్పులు బయట విడిచి నేరుగా స్పీకరు డబ్బాల దగ్గరికి నడిచాడు.

శ్యాంసుందర్‌రావుకు ఒళ్ళు మండింది. అసలే వారం రోజులుగా తిండీ నిద్రా లేవు. గది నాలుగు మూలలా నాలుగు డబ్బాలు, నాలుగు ఆంప్లిఫయర్లు, నేలనిండా తీగలు. అన్నీ తన చేత్తో కట్టుకున్నవే.

లోపలి గదిలో అతని భార్య ప్రమోదిని మంచం పట్టి ఉంది. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. మూడు రోజులుగా మెతుకు ముట్టడం లేదు. పలక మీద ఒక్కటే రాస్తోంది: "నా పాట ఒక్కసారి వినిపించు."

పెళ్ళికి ముందు బొగ్గుగనుల మందమర్రిలో, పుట్టింట్లో పాడిన పాట. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు నాలుగు మైకులు పెట్టి స్పూలు టేపు మీద ఎక్కించారు. బావమరిది వారం కింద ఆ స్పూలు పంపాడు. ముందు రెండు డబ్బాల్లో గొంతు, వెనక ఒకదాంట్లో హార్మోనియం, ఇంకోదాంట్లో ఢోలక్.

కానీ ఏం చేసినా ప్రమోదిని గొంతు గోడ అవతల ఎవరో పాడినట్టే వస్తోంది.

వచ్చినవాడు పాట మోగుతున్న ముందు రెండు డబ్బాల మీద చెరో అరచెయ్యి పెట్టాడు.

"సారూ!" అరిచినట్టే అన్నాడు. "గీ డబ్బా తోస్తున్నది, గా డబ్బా గుంజుతున్నది. ఒకదాని తీగలు ఉల్టా చెయ్యుండ్రి."

"గోర్లల్ల బొగ్గు పోలేదు గని, నువ్వు నాకు చెప్తవా?"

ఆ మనిషి వినిపించుకోలేదు. మూలనున్న నాలుగో డబ్బా ముందు కూర్చుని, రెండు చేతులూ దానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

శ్యాంసుందర్‌రావు ఆ చేతుల్ని విసిరికొట్టాడు.

"ముట్టకు! ఖరాబయితయి. నడువ్ బయటికి!"

ఆ మనిషి కళ్ళు తెరిచి అతని పెదవుల వంకే చూశాడు.

"జర్ర సేపుంటె సాలు సారూ..."

"నడువ్!"

వెళ్ళిపోయాడు.

లోపల ప్రమోదిని దగ్గింది. ఇక దిక్కుతోచక శ్యాంసుందర్‌రావు ముందున్న ఒక డబ్బా తీగలు తిప్పి వేశాడు.

గొంతు గది నడుమకు వచ్చింది. ప్రమోదిని ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది.

ఆమె గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. కళ్ళనీళ్ళు కారుతుండగానే జావ గిన్నె తానే అందుకుంది.

అతను బస్టాండుకు ఉరికాడు. బొగ్గు మనిషి మందమర్రి బస్సే ఎక్కుతాడనుకున్నాడు. అనుకున్నట్టే కదులుతున్న బస్సు కిటికీ పక్కన కనిపించాడు.

"అన్నా! ఓ అన్నా! జర ఆగు!"

బస్టాండంతా తిరిగి చూసింది, ఆ మనిషి తప్ప.

"పిల్తె మర్లి సూడలే. బాగ కోపమొచ్చినట్టుంది," అన్నాడు ఇంటికొచ్చి, చిన్నబోయిన ముఖంతో.

ప్రమోదిని పలక అందుకుంది.

"మాట విని గుర్తువట్టిన. రాయమల్లు. మా ఊరాయన. స్పూలు సంగతి మా ఇంట్ల చెప్పినట్టున్నరు. గనిల పేలుడుకు రెండు చెవులు పోయినయి."

పాట ఇంకా మోగుతోంది. ఆమె పలక తుడిచి, మూలనున్న నాలుగో డబ్బా వైపు చూపించి, మళ్ళీ రాసింది.

"గా ఢోలక్ ఆయనదే."

తన ఢోలక్ తాను వినడానికి రాయమల్లుకు మిగిలిన చెవులు ఆ రెండు చేతులే. శ్యాంసుందర్‌రావు విసిరికొట్టింది వాటినే.