ట్యాంకు మీది మెడల్

మిర్యాలగూడలో మా పక్కింట్లోకి కిరాయికి దిగిన దయాకర్ బుల్లెట్ బండి ట్యాంకు మీద ఆ నల్ల మెడల్ బొమ్మ చూసినప్పుడే నాకు అనుమానం మొదలైంది. ఇవాళ గేటు దగ్గర నిలదీశాను.

"ఇది హిట్లర్ సైన్యం మెడల్ తమ్మీ. లక్షలమందిని సంపినోళ్ల గుర్తేసుకొని తిరుగుతున్నవ్, సిగ్గనిపిస్తలేదా?"

"గదంత నాకెరుక లేదు సార్. నాకది సిలువ లెక్క కనబడ్డది."

అబద్ధమనే అనుకున్నాను. "సిలువే కావాల్నంటే అసలు సిలువ దొరకలేదా?"

దయాకర్ ఓనర్ ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు.

"అసలు సిలువ పెట్టుకున్నందుకే సూర్యాపేటల రెండిండ్లు ఖాళీ చేయించిన్రు సార్. ఈయన దీన్ని సూసి నన్ను మిలిటరోడనుకున్నడు. ఇల్లిచ్చిండు. నేను కాదనలే. మీరు గీకమంటే గీకుత." తాళంచెవి బొమ్మ మీద ఆనించాడు.

అంతలో ఓనర్ బయటికొచ్చాడు. "ఏంది సార్, మా మిలిటరాయనతోని ముచ్చట పెట్టిన్రు?"

అబద్ధాలకు వ్యతిరేకంగా ముప్పై ఏళ్లు వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. దయాకర్ చేతిలోంచి తాళంచెవి తీసుకుని, మెడల్ మీది దుమ్ము నా రుమాలుతో తుడిచాను.

"ఏం లేదన్నా. ఇది ఎట్ల సంపాదించిండో చెప్తుండు."